చదరంగ వీరుడు పాల్ మార్ఫీ

మన కృష్ణా మండలమున చదరంగ మెఱుగని గ్రామములు కొద్ది. కాలువగట్టు మీది రావిచెట్టు నీడను, ఇండ్ల అరుగుల మీదను, బొగ్గుతో గీసిన అరువదినాలుగు గడుల కిరువైపుల పెద్దలు కూర్చుండి ప్రొద్దుపుచ్చుట మనలో ననేకులు చూచినదే. భారతదేశపు మొదటి జాతీయ చదరంగపు పోటీ 1955వ సంవత్సరమున మనకు సమీపముననున్న ఏలూరులోనే జరిగినది. అందు ఆంధ్రుడగు డి. వెంకయ్యగారు, రామచంద్ర సాప్రేగారితో సమముగా ప్రథమస్థానమును పొందిరి. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరు బిరుదము నందెను.

అయినను, ఈ యాట పిల్లలకు మేలు చేయునా, కీడు చేయునా యని తలిదండ్రులు నన్ను తఱచుగా నడుగుచుందురు. పరీక్షలు సమీపింపగానే పలకను అటుక కెక్కించిన తండ్రి నెఱుగుదును. కుమారుడు ఆటలో నేర్పరి యయ్యెను గాన నిక చదువేల యని తలంచిన తండ్రినిగూడ నెఱుగుదును. ఆ యిరువురకును నాకు తోచిన ప్రత్యుత్తర మొక మహానుభావుని జీవితమే. విద్యార్థులారా, మీరును శ్రద్ధతో చదువుడు.

పాల్ మార్ఫీ 1837వ సంవత్సరము జూన్ 22వ తేదీన, అమెరికా దేశమున లూయిసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్స్ నగరమున జన్మించెను. తండ్రి అలాంజో మార్ఫీ ఉన్నత న్యాయస్థానమున న్యాయాధిపతి. ఆ యింట తండ్రియు, పినతండ్రి ఎర్నెస్టును, మాతామహుడును చదరంగమున ప్రీతి గలవారు. బాలునకు ప్రత్యేకముగా నెవ్వరును ఆట నేర్పలేదనియు, పెద్దల ప్రక్క నిలిచి చూచుచు తానే గ్రహించెననియు చెప్పుదురు. 1850లో హంగరీ దేశపు ప్రసిద్ధుడగు లోవెంతాల్ ఆ నగరమునకు వచ్చినప్పుడు, పండ్రెండేండ్ల యీ బాలుడు అతని నోడించి అందఱ నాశ్చర్యపఱచెను.

అయినను తలిదండ్రు లతని చదువు మాన్పింపలేదు. ఆలబామా రాష్ట్రమున మొబీల్ నగరమునొద్ద జెస్యూటు గురువులు నడుపుచుండిన స్ప్రింగ్ హిల్ కళాశాలలో చేర్చిరి. అతడచ్చట 1854లో పట్టమును పొంది, మఱియొక సంవత్సరము పైచదువు సాగించెను. పిదప న్యాయశాస్త్రము నభ్యసించి 1857లో ఆ పట్టమునుగూడ సంపాదించెను. లూయిసియానా ధర్మశాస్త్ర గ్రంథ మతనికి కంఠస్థమై యుండెనని ప్రతీతి. అప్పటికి వయస్సు చాలనందున న్యాయవాదవృత్తి కనుమతి లభింపలేదు.

ఈ విద్యార్థిదశలోనే యతడు కల్పించిన యొక చదరంగపు చిక్కుప్రశ్న 1856లో న్యూయార్కు నగరపు పత్రికలో ప్రకటింపబడెను. దానిని మీరు పలకమీద నమర్చి చూడవలెను. మనము తెల్లవారి వైపున కూర్చుంటిమనుకొనుడు. ఆవలి వరుసలో ఎడమ మూలగడిని నల్లరాజు. అతని ప్రక్కగడిని నల్లశకటు. దాని ప్రక్కను తెల్లరాజు. నల్లరాజున కెదుట నొక నల్లబంటు, నల్లశకటున కెదుట మఱియొక నల్లబంటు. ఈ రెండవ బంటునకు ముందు తెల్లబంటు నిలిచి దానిని కదలనీయదు. ఇక తెల్లయేనుగు మన వైపు ఎడమ మూలలో, నల్లరాజున్న నిలువు వరుసలోనే యున్నది. ఎత్తు తెల్లవారిది. రెండవ యెత్తున ఆటకట్టు కావలెను.

తొందరపడు వారు ఏనుగును ఊరక నొక గడి జరిపి చూతురు. అప్పుడు రాజున కెదుటనున్న బంటు ముందునకు నడచి తప్పించుకొనును. మార్ఫీ చూపిన యెత్తు వేఱు. ఏనుగును తిన్నగా తీసికొనిపోయి ఆ బంటునకు ముందు గడిలో, శత్రువు నోటికందునట్లు నిలుపవలెను! ఇంత విలువగల బలము నూరక ఈయవచ్చునా యని మీరడుగుదురు. లెక్క చూడుడు. నల్లరాజునకు కదల చోటు లేదు. అతని యెదుటి బంటు ముందునకు పోలేదు. తెల్లబంటును చంపుటకు ప్రక్కకు పోయినచో రాజు ఏనుగున కెదురుపడును గావున అదియు పనికిరాదు. నల్లవారికి మిగిలినవి రెండే మార్గములు. రెండవ బంటు ఏనుగును చంపెనా, అది తొలగిన గడిలోనికి మన బంటు నడచి రాజును కట్టివేయును. శకటు కదలెనా, ఏనుగు రాజున కెదుటి బంటును చంపి ఆటకట్టును. తెల్లబంటు ఆ యేనుగును కాచుచుండును. శకటు విడిచిన గడిని తెల్లరాజు కాచుచుండును. మొత్తము ఏడు బలములతో నింత సొగసైన ప్రశ్నను కల్పించుట పెద్దలకును కష్టము.

1857లో న్యూయార్కున మొదటి అమెరికా చదరంగ మహాసభ జరిగెను. మార్ఫీ తుదిపోటీలో లూయీ పాల్సెన్ నెదిర్చి, అయిదాటలు గెలిచి, ఒకటి యోడి, రెంటిని సమము చేసి ప్రథమ బహుమానము నందెను. మఱుసటి వత్సరమున ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను. అచ్చటి ప్రముఖుడగు హోవర్డ్ స్టాంటన్‌తో నాడవలెనని యతని ముఖ్యాభిలాష. స్టాంటన్ షేక్స్పియరు గ్రంథముల పరిష్కరణ పనిలో మునిగి, నేడు రేపని వాయిదాలు వేయుచు తుదకు ఆడనే లేదు. లోవెంతాలు మాత్రము మరల నెదిర్చి మరల నోడిపోయెను. బర్మింగ్‌హాము నగరమున మార్ఫీ పలకను చూడకయే ఏకకాలమున ఎనమండుగురితో నాడి ఆర్గురను గెలిచెను. పారిసు నగరమునగూడ నట్లే యెనిమిది పలకల మీద పది గంటలసేపు ఆడి, ఆరాటలు గెలిచి రెంటిని సమము చేసెను. 1858 డిసెంబరులో, జర్మనీ దేశపు ఉపాధ్యాయుడును యూరపులో నగ్రగణ్యుడునగు ఆండర్సెన్ పారిసునకు వచ్చి అతనితో తలపడెను. మార్ఫీ ఏడాటలు గెలిచి రెండు మాత్రమే యోడెను. అప్పటి కతని వయస్సు ఇరువదియొకటి.

ఆ సంవత్సరముననే పారిసు సంగీతనాటకశాలలో బ్రన్స్విక్ ప్రభువును, ఇజువార్ అను మఱియొక ప్రభువును ఒక ప్రక్కగా చేరి అతనితో నొక యాట ఆడిరి. పదునేడెత్తులలో నది ముగిసెను. ఒక యేనుగును గుఱ్ఱమున కొఱకు బలియిచ్చి, పిదప మంత్రినే శత్రువునకు సమర్పించి, మిగిలిన యేనుగుతో శకటు సాయమున రాజును కట్టివేసెను. ఆట నేర్చువారికి నేటికిని దీనినే మొదట చూపుదురు. బలములన్నిటిని వేగముగ బయటికి తెచ్చి కలసి పని చేయించుటయే యిందలి రహస్యము గాని వట్టి సాహసము గాదు.

1859లో స్వదేశమునకు మరలిన మార్ఫీకి గొప్ప సన్మానములు జరిగెను. ఒక బంటును తగ్గించుకొని ఎవరితోనైన నాడుదునని ప్రకటించెను గాని, పిదప బహిరంగమైన పోటీలలో నిక పాల్గొనలేదు. ఆట వినోదమునకే గాని జీవనమునకు గాదని యతని దృఢవిశ్వాసము. చదరంగగాడని పిలువబడుట కతడు సహింపలేదు. న్యాయవాదిగా పేరు తెచ్చుకొనవలెనని తలంచెను. ఇంతలో 1861లో, బానిసత్వమును గూర్చిన వివాదము ముదిరి ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ యుద్ధము ప్రారంభమయ్యెను. అతడు కొంతకాలము హవానాలోను పారిసులోను గడపెను. యుద్ధానంతరము తెఱచిన న్యాయవాద కార్యాలయము వర్ధిల్లలేదు. వచ్చినవారు వ్యాజ్యములకంటె చదరంగమును గూర్చియే ముచ్చటింప గోరిరట. క్రమముగా నతని మనస్సునకు వ్యాధి సోకెను. తన్ను హింసింప గొందఱు కుట్రచేయుచున్నారను భ్రమ పట్టుకొనెను. 1884 జూలై 10వ తేదీన, ఎండలో నడచి యింటికి వచ్చి స్నానము చేయుచు, నలువదియేడేండ్ల వయస్సున మరణించెను.

చదరంగ మెక్కువగా ఆడి పిచ్చివాడయ్యెనని కొందఱు చెప్పుదురు. ఇది సమంజసము కాదు. అతడు పెద్ద పోటీలను విడిచి పెక్కేండ్లయిన పిమ్మటనే వ్యాధి బయల్పడెను. మనోవ్యాధియు జ్వరమువంటి వ్యాధియే. రోగిని జూచి నవ్వుటయు, ఏదో యొక నిందను వెదకుటయు మనకు తగవు.

కావున తలిదండ్రులకు నా విన్నపమిది. మార్ఫీ తలిదండ్రులు ఆటకొఱకు చదువును మాన్పింపలేదు, చదువుకొఱకు ఆటను నిషేధింపలేదు. వారు చేసినది మంచి. అయితే తనకు దొరకిన వరమును చూచి తానే సిగ్గుపడుట మార్ఫీ జీవితమున గలిగిన దుఃఖము. పలకమీద ఏనుగు నిచ్చినప్పుడు బదులేమి వచ్చునో యతడు తుదివఱకు లెక్కించెను. జీవితమున నంతకంటె పెద్ద బలమును విడిచినప్పుడు అట్టి లెక్క యతనికి చిక్కలేదు. మన బిడ్డలలో నొకనికి లెక్కలు, ఒకనికి పాట, ఒకనికి చదరంగము వరముగా నుండవచ్చును. దానిని వాడు దాచుకొనవలసిన దొంగసొమ్ముగా మనము చేయరాదు.

విద్యార్థులారా, పైని చెప్పిన ప్రశ్నను నేటి సాయంకాలము పలకమీద నమర్చి, జవాబు తెలియని మీ తండ్రిగారి ముందుంచుడు. వారు తొందరపడి ఏనుగును ప్రక్కకు జరిపినచో, మెల్లగా బంటును నడిపి చూపుడు.