విశ్వేశ్వరయ్యగారి కలము

ఇంజనీరింగు కళాశాలలనుండి వెలువడు మన యువకులు గణితమునందు దిట్టలైయుండియు, తాము కట్టబోవు కట్టడమేమో, దానివలన ఎవరికేమి లాభమో, నలుగురు పెద్దమనుష్యుల యెదుట విప్పి చెప్పలేకున్నారను మాట తరచుగ వినవచ్చుచున్నది. ఒక ఇంగ్లీషు పాఠము చేర్చినచో ఈ లోపము తీరునని తలంచువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చరిత్రమును ఒకమారు పరికించుట మేలు.

ఆయన పూర్వులు మన కంభముసీమలోని మోక్షగుండము గ్రామమువారు. ఆయన జన్మించినది మైసూరు రాజ్యమున ముద్దెనహళ్లిలో. బాల్యముననే తండ్రి గతింపగా, బెంగుళూరున పిల్లలకు చదువు చెప్పి ఆ వచ్చినదానితో తాను చదువుకొనెను. తనకు తెలిసినదానిని తెలియనివానికి తెలియునట్లు చెప్పుటయను విద్యకు అదియే ఆయన ఓనమాలని మాకు తోచుచున్నది. పిమ్మట పూనా కళాశాలలో 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథముడై, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున ప్రవేశించెను.

కొలువు క్రొత్తలోనే ఖాందేశమున పాంజరా నదికి అడ్డముగ గొట్టములతో సైఫను నిర్మింపవలసివచ్చెను. వానలు ముంచుకొనివచ్చుటచే, పనిని కొంతకాలము నిలుపుట యుక్తమని పై యధికారికి వ్రాసెను. అధికారి దానిని యువకుని విముఖతగా నెంచి మందలించెను. ఆయన వాదమునకు దిగక, వానలోనే పనిని పూర్తిచేసి చూపెను. వ్రాసినది యథార్థమే, కాని చదువువాడు దానినెట్లు గ్రహించునో యను విచారము వ్రాయువానికే యుండవలెనని ఆనాడు ఆయనకు బోధపడియుండును.

రైతులు గమనింపదగిన ఘట్టము 1899 నాటిది. నీరా కాలువక్రింద చెరకు వేయువారు నీటిని మితిమీరి వాడగా, ఒకచోట భూములు ఊటబారుచుండెను. కాలువ చివరివారికి నీరు చాలకుండెను. ఆయాకట్టును ఖండములుగ విభజించి, చెరకును ఏటేట ఖండము మార్చి వేయుచు, తక్కినవాటియందు తక్కువ నీటి పైరులను పండించు పద్ధతిని ఆయన ఏర్పరచెను. తమ నీటిని ప్రభుత్వము లాగికొనుచున్నదని రైతులు శంకించిరి. శంకింపకేమి చేయుదురు? నీరు పోయిన పొలము దస్తావేజులతో పండునా? ఆయన రైతులను కలిసికొని, పద్ధతిని విశదపరచి, ఆచరణమున చూపి ఒప్పించెను. తరువాత 1901లో ఏర్పడిన నీటిపారుదల కమిషనునకును ఆ పద్ధతినే నివేదించెను. రైతునకొక తీరున, కమిషనునకు వేరొక తీరున చెప్పవలసివచ్చినను, చెప్పిన విషయము మాత్రమొక్కటే.

స్వదేశీయునికి పైపదవి దుర్లభమైయున్న ఆ కాలమున ఆయన బొంబాయి కొలువును విడనాడెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేయగా, వేలకొలది జనులు మడిసిరి. నిజాము ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన 1909లో సమర్పించిన నివేదికను ఇంజనీరింగు విద్యార్థులందరును చదువదగును. మూసీ పరీవాహమున 788 చెరువులుండగా వానిలో 221 తెగినవని లెక్కించి, వాననుండి చెరువునకు, చెరువునుండి నదికి, నదినుండి వీథికి ఆపద వచ్చిన త్రోవను వరుసగ చూపి, ఆ పిమ్మటనే నగరమునకు ఎగువను జలాశయములు కట్టుమని సలహానొసగెను. కారణము తెలిసినవారికి వ్యయము భారమని తోచదు. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి.

1909లోనే మైసూరున చీఫ్ ఇంజనీరుగా నియమితుడయ్యెను. కన్నంబాడి ఆనకట్ట విషయమున ఆర్థికశాఖవారు వ్యయమునకు వెరచిరి. కోలారు బంగారు గనులకు కావలసిన విద్యుత్తును, పైరులకు లభించు నీటిని అంకెలతో వివరించి, 1911లో మహారాజుగారి యనుమతిని పొందెను. 1912 మొదలు 1918 వరకు దివానుగ నుండెను. ఆ కాలముననే 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వెలసినవి. కన్నడ సాహిత్యపరిషత్తు సయితము 1915లో ఆయన ప్రోత్సాహముననే ఏర్పడెను. యంత్రములు తప్ప మరేమియు నెరుగనివాడని ఆయనను తలంచువారు ఈ సంగతిని మరతురు.

ఉపన్యాసము చేయవలసిన, ముందుగ వ్రాసి, పలుమారులు దిద్దుకొనుట ఆయన యలవాటు. దివాను పదవి వీడిన వెనుక 1920లో భారత పునర్నిర్మాణమును గూర్చియు, 1934లో ప్రణాళికాబద్ధమగు ఆర్థికవిధానమును గూర్చియు గ్రంథములు రచించెను. తొంబదేండ్ల ప్రాయమున, 1951లో, తన ఉద్యోగజీవిత స్మృతులను ప్రకటించెను. 1955లో భారతరత్న బిరుదమునొంది, 1962 ఏప్రిలులో బెంగుళూరున పరమపదించెను.