కిట్టి కర్రలూ, గాజుల లక్ష్మీనరసు సెట్టీ

కిట్టి అంటే ఏమిటో నేటి కూలీ సోదరుల్లో చాలామందికి తెలియదు. ఒక కొన దగ్గర కలిపి కట్టిన రెండు కర్రలు, అంతే. వాటి మధ్య రైతు వేళ్లు పెట్టి రెండో కొనలు దగ్గరికి నొక్కుతారు, నిమ్మకాయ పిండినట్టు. బకాయి కడతానని ఒప్పుకునేదాకా నొక్కుడే. కుంపిణీ దొరల ఏలుబడిలో మద్రాసు రాజధానిలో, మన కోస్తా, రాయలసీమ జిల్లాలతో సహా, శిస్తు వసూలు ఇట్లా సాగింది. మెడ వంచి కాళ్లకు కట్టేసి ఎండలో ఉంచడం మరో పద్ధతి. దాన్ని అరవనాట అనందాళ్ అనేవారు. వీపు మీద బండ ఎత్తడం, కళ్లలో కారం కొట్టడం, కొబ్బరి చిప్పలో పురుగును పెట్టి బొడ్డు మీద కట్టడం కూడా ఉన్నాయి. రాయాలంటేనే మాకు చెయ్యి రావడం లేదు.

చేసింది ఎవరు? కచ్చేరి బంట్రోతులు, గ్రామాధికారులు, వాళ్ల వెనక తాసిల్దార్లు. 1816 నిబంధనలతో శిస్తు రాబట్టే తాసిల్దారు చేతికే పోలీసు పెత్తనమూ ఇచ్చారు. తన్నినవాడి దగ్గరికే పోయి మొర పెట్టుకోవాలన్నమాట!

ఈ దుర్మార్గాన్ని బయటికి లాగినవాడు రైతు కాదు, ఒక వర్తకుడు. గాజుల లక్ష్మీనరసు సెట్టి 1806లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టాడు. నీలిమందు, బట్టల వ్యాపారంలో బాగా గడించాడు. 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టాడు. మిషనరీల మత మార్పిడిని ఎదిరించడం అప్పట్లో ఆయన ముఖ్య లక్ష్యం. రైతు గోడు ఆయన్ని తర్వాత పట్టుకుంది. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి పార్లమెంటుకు అర్జీ పంపాడు. అర్జీలతో దొరలు కదులుతారా అని మనం నవ్వవచ్చు. ఆయన అక్కడితో ఊరుకోలేదు. 1853లో డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే వెంటబెట్టుకుని జిల్లాలు తిరిగి, రైతుల అవస్థ కళ్లారా చూపించాడు.

1854 జూలైలో లండను సభలో ఆ మాట లేచింది. చిత్రహింసలా, మా ఏలుబడిలోనా అని కొందరు బుకాయించారు. చివరికి విచారణ సంఘం వేయక తప్పలేదు. అప్పుడు చూడాలి జనాన్ని! రైలు లేదు, దారి ఖర్చు ఇచ్చేవాడు లేడు, ఊళ్లో తాసిల్దారు కన్నెర్ర. అయినా 1,440 మంది మద్రాసు నడిచొచ్చి స్వయంగా చెప్పుకున్నారు. ఉత్తరాలతో కలిపి ఫిర్యాదులు 1,959. మా దృష్టిలో ఈ చరిత్రలో అసలు వీరులు పేర్లు దక్కని ఈ మనుషులే.

1855 నివేదిక హింస నిజమేనని తేల్చింది. అయితే తప్పంతా నల్ల ఉద్యోగుల నెత్తిన రుద్ది తెల్ల కలెక్టర్లను ఒడ్డున పడేసింది. శిస్తు ఎవరి ఖజానాకు చేరిందో మాత్రం అడగలేదు. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో ఈ నివేదికను చీల్చి చూపాడు. 1859 చట్టంతో పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు.

సర్కారు 1863లో లక్ష్మీనరసుకు శాసన మండలిలో చోటిచ్చింది. అప్పటికే పత్రికకూ, ప్రజల పనులకూ ఆస్తి చాలావరకు కరిగిపోయింది. 1868లో చనిపోయేనాటికి ఆయన పేదవాడే.