ఎల్మైరా ఎక్స్‌ప్రెస్

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమునకు బ్రౌన్స్ అను ఫుట్‌బాల్ జట్టు కలదు. ఆ జట్టులో 45 అను సంఖ్య గల చొక్కాను ఇప్పుడు ఎవ్వరును తొడుగుకొనరు. గొప్ప ఆటగాని సంఖ్యను ఇతరుల కీయక అట్లే భద్రపరచుట ఆ దేశమున ఆచారము. ఏండ్ల తరబడి ఆడి, జట్టును గెలిపించి, పేరు మోసినవారికే సాధారణముగ ఈ గౌరవము దక్కును. 45 సంఖ్య చొక్కా ఎర్నీ డేవిస్‌ది. అతడు ఆ జట్టు పక్షమున ఒక్క పోటీ యైనను ఆడలేదు.

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలుచు ఆటకును, మనము ఎరిగిన ఫుట్‌బాల్‌కును పేరే తప్ప పోలిక తక్కువ. బంతి గుండ్రముగ నుండదు. రెండు కొనలును మొనదేలి యుండును. కాలితో తన్నుట అరుదు. చేతితో విసరుటయు, చంకలో ఇరికించుకొని పరుగెత్తుటయు ఎక్కువ. పక్షమునకు 11 మంది. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదుటివారి వశమగును. 100 గజముల మైదానపు కొస దాటించినచో 6 పాయింట్లు. దానినే టచ్‌డౌన్ అందురు. బంతి పట్టుకొని పరుగెత్తు పని ముఖ్యముగ రన్నింగ్ బ్యాక్‌ది. ఆ కాలమున హాఫ్‌బ్యాక్ అనెడివారు. ఎదురుగ వచ్చు 11 మందికి అప్పుడు పని యొక్కటే, ఆ మనిషిని నేల కూల్చుట. డేవిస్ ఆడినది ఆ స్థానమున.

అతడు 1939 డిసెంబరు 14వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి న్యూ సేలం అను ఊర జన్మించినాడు. పుట్టకముందే తండ్రి ప్రమాదమున మరణించినాడు. ఏడాది దాటిన పసివానిని తల్లి యూనియన్‌టౌన్‌లోని తన తలిదండ్రులకు అప్పగించినది. తాత విల్లీ డేవిస్ బొగ్గుగని కార్మికుడు. ఇంటినిండ పిల్లలు, చాలీచాలని రాబడి. ఎర్నీకి నత్తి యుండెడిది. మాట తడబడు పిల్లవాడు మాటల అక్కర లేని ఆటలలో ఊరట పొందుట వింత కాదు. అతనిని ఎరిగినవారు పెద్దయైన పిమ్మట కూడ మితభాషి యనియు, మృదుస్వభావుడనియు చెప్పుకొన్నారు.

12 ఏండ్ల వయసున తల్లి అతనిని న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మైరా పట్టణమునకు తనకడకు రప్పించుకొన్నది. ఎల్మైరా ఫ్రీ అకాడమీ అను పాఠశాలలో చేరినాడు. ఆ పేరు ఊరి బయటకు ప్రాకినది అక్కడి నుండియే. ఫుట్‌బాల్‌లో రెండేండ్లు దేశమంతటి పాఠశాలల ఆటగాండ్ర మేటి పట్టికలో అతని పేరు చోటు చేసుకొన్నది. బాస్కెట్‌బాల్‌లో అతడున్న జట్టు వరుసగ 52 పోటీలు గెలిచినది. ఆ ఆటలోనే ఇంకను గొప్పవాడయ్యెడివాడని వాదించినవారు కూడ లేకపోలేదు. 'ఎల్మైరా ఎక్స్‌ప్రెస్' అను బిరుదు అతని పరుగును చూచి పుట్టినది. రైలుబండితో పోల్చుటలో అతిశయోక్తి కొంత యున్నను, ఆరడుగుల రెండంగుళముల పొడవు, 210 పౌన్ల బరువు గల మనిషి అంత వేగమున ఎదురుగ వచ్చుచుండగా అడ్డు నిలిచినవారికి ఆ పోలిక సరిగనే తోచి యుండును.

కళాశాలలు పోటీలు పడి పిలిచినవి. అతడు ఎల్మైరాకు చేరువనున్న సిరక్యూస్ విశ్వవిద్యాలయమును ఎంచుకొన్నాడు. అందులకు కారణములలో నొకటి జిమ్ బ్రౌన్. ఇతడు సిరక్యూస్‌లో 44 సంఖ్య చొక్కాతో ఆడి, 1957లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో చేరి, వృత్తిక్రీడలో అంతటి పరుగువాడు లేడనిపించుకొన్నవాడు. (జట్టు పేరునకు ఇతని పేరుతో సంబంధము లేదు, అది తొలి శిక్షకుడు పాల్ బ్రౌన్ పేరు మీదుగ వచ్చినది.) నల్లజాతివాడగుటచే సిరక్యూస్‌లో జిమ్ బ్రౌన్ పడిన అవమానములు తక్కువ కావు. దేశములోని మేటి కళాశాల ఆటగానికి ఏటేట ఇచ్చు హైస్‌మన్ బహుమతికి 1956లో అతని పేరు వచ్చినప్పుడు ఓట్లలో ఐదవ స్థానము చూపినారు. గెలిచినవాడు ఆ యేడు 10 ఆటలలో 8 ఓడిన జట్టు మనిషి. అట్టి అనుభవము గల జిమ్ బ్రౌనే శిక్షకుడు బెన్ ష్వార్ట్స్‌వాల్డర్ కోరిక మీద డేవిస్‌ను కలిసి సిరక్యూస్‌కు రమ్మని నచ్చచెప్పినాడు. తాను పడిన బాధ వెనుక వచ్చువానికి కొంతయైన తగ్గునని తలచినాడేమో. 44 సంఖ్య చొక్కా డేవిస్‌కు ఇచ్చినారు.

ఆనాటి నియమము ప్రకారము మొదటి యేడు విద్యార్థి ప్రధాన జట్టులో ఆడరాదు. కనుక డేవిస్ ఆట 1959లో మొదలైనది. ఆ యేడు సిరక్యూస్ ఒక్క పోటీ యైనను ఓడక దేశములో ప్రథమ స్థానమందు నిలిచినది. 1960 జనవరి 1వ తేదీన డల్లాస్ నగరమున టెక్సాస్ విశ్వవిద్యాలయముతో కాటన్ బౌల్ పోటీ జరిగినది. అంతకు కొద్ది దినముల ముందు డేవిస్ తొడనరము పట్టివేసినది. ఐనను ఆట ఆరంభమైన కొద్దిసేపటికే విసరిన బంతిని అందుకొని టచ్‌డౌన్ చేసినాడు. ఆ యెత్తు మొత్తము 87 గజములు. ఆపై మరియొకటి చేసినాడు. సిరక్యూస్ 23-14తో గెలిచినది. మైదానమున జట్ల మధ్య ఘర్షణ జరిగినది; టెక్సాస్ వారు జాతిని ఎత్తి దూషించినారని సిరక్యూస్ ఆటగాండ్రు చెప్పినారు, వారు కాదన్నారు. ఆ దినమున మేటి ఆటగాడు డేవిస్ అని తీర్మానమైనది. నాటి రాత్రి విందులో అతడు బహుమతి పుచ్చుకొనవచ్చును గాని, ఆ వెనుక అచట ఉండరాదని చెప్పినారు. తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు అను కట్టుబాటు ఆ ప్రదేశమున నడచుచుండెను.

డేవిస్ కథను 2008లో 'ది ఎక్స్‌ప్రెస్' అను చలనచిత్రముగ తీసినారు. అందు 1959 నాటి వెస్ట్ వర్జీనియా పోటీని ఆ రాష్ట్రములోనే జరిగినట్లును, అక్కడి జనులు నల్ల ఆటగాండ్రపై క్రౌర్యము చూపినట్లును చిత్రించినారు. నిజమునకు ఆ పోటీ జరిగినది సిరక్యూస్‌లో. డల్లాస్ విందు వంటి నిజము చేతిలో నుండగా కల్పన కొఱకు వెదకుకొనుట ఎందులకో అర్థము కాదు.

మూడేండ్లలో డేవిస్ పరుగు మొత్తము 2,386 గజములు. సగటున ఒక్కొక్క పరుగునకు 6.6 గజములు. నాలుగు గజములు సాగినచో మంచి పరుగు అని లెక్కించు ఆటలో ఇది చిన్న విషయము కాదు. 1961లో హైస్‌మన్ బహుమతికి ఒహాయో స్టేట్ ఆటగాడు బాబ్ ఫెర్గుసన్‌ను 824-771తో దాటి డేవిస్ గెలిచినాడు. ఆ బహుమతి పొందిన నల్లజాతివారిలో అతడే మొదటివాడు. అప్పుడు న్యూయార్కులో నున్న అధ్యక్షుడు కెన్నెడీ అతనిని పిలిపించుకొని అభినందించినాడు.

ఇక వృత్తిక్రీడ. కళాశాల ముగించిన ఆటగాడు తన కిష్టమైన జట్టులో చేరుటకు వీలు లేదు. ఏటేట లీగు జట్లు వరుసగ కూర్చుండి ఆటగాండ్రను ఏరుకొనును. కడపటి జట్టుకు తొలి వంతు. 1961లో 14 పోటీలలో ఒక్కటి గెలిచి, ఒక్కటి సమము చేసి, తక్కినవన్నియు ఓడి ఆ తొలి వంతు సంపాదించుకొన్నది వాషింగ్టన్ జట్టు. ఆనాడు దానికి రెడ్‌స్కిన్స్ అని పేరు. యజమాని జార్జి ప్రెస్టన్ మార్షల్. లీగు జట్లు 1946 నుండి నల్లజాతివారిని ఒక్కొక్కరుగ చేర్చుకొనగా, మార్షల్ మాత్రము 1961 వరకు ఒక్కనిని కూడ చేరనీయలేదు. దక్షిణ రాష్ట్రములలో తన జట్టు ఆటలను ప్రసారము చేయుచు లాభము గడించుచున్నాడు. అక్కడి తెల్లవారు ముఖము చిట్లింతురని అతని భయము. సగమునకు పైగా నల్లవారే నివసించుచున్న రాజధాని నగరములో ఈ తంతు నడచినది.

మార్షల్‌ను వంచినది నీతిబోధ కాదు, అద్దె ఒడంబడిక. జట్టు కొత్తగ ఆడబోవు క్రీడాప్రాంగణము కేంద్రప్రభుత్వపు నేలపై కట్టినది. ఆ నేలను వాడుకొనువారు ఉద్యోగములలో జాతిభేదము పాటించరాదని కెన్నెడీ మంత్రివర్గములో ఆంతరంగిక శాఖ చూచుచున్న స్టూవర్ట్ యూడల్ 1961లో మార్షల్‌కు హెచ్చరిక పంపినాడు. 1962 నుండి నల్ల ఆటగాండ్రను చేర్చుకొందునని మార్షల్ ఒప్పుకొనక తప్పలేదు. డిసెంబరులో తొలి వంతు రాగానే డేవిస్ పేరు చెప్పినాడు. అట్లు లీగు ఏరికలో మొట్టమొదట ఎన్నికైన తొలి నల్లజాతివాడుగ డేవిస్ చరిత్ర కెక్కినాడు. ఐతే వాషింగ్టన్ అతనిని నిలుపుకొనక, క్లీవ్‌లాండ్‌కు ఇచ్చి మారుగ బాబీ మిచెల్‌ను, మరియొక నల్ల ఆటగాడు లెరాయ్ జాక్సన్‌ను తీసికొన్నది. మిచెల్ 1962లో వాషింగ్టన్‌లో ఆడి ప్రేక్షకుల మన్నన పొందినాడు. 1983లో వృత్తిక్రీడల ఘనుల సభలో స్థానము సంపాదించినాడు. డేవిస్ కథను చెప్పువారు కన్నీటి ఘట్టమునకు త్వరపడి ఈ సంగతిని ఒక్క వాక్యములో దాటివేయుదురు. కాని అతని జీవితమున లోకమునకు నికరముగ మిగిలినది ఇదియే.

క్లీవ్‌లాండ్‌లో జిమ్ బ్రౌన్ ప్రక్కన డేవిస్. ఒకే విద్యాలయపు రెండు 44లు ఒకే వరుసలో పరుగెత్తుటను చూడవలెనని ఊరంతయు ఎదురు చూచినది. 1962 వేసవిలో చికాగో చెంతనున్న ఎవాన్‌స్టన్‌లో కళాశాల మేటి ఆటగాండ్ర జట్టుతో అభ్యాసము చేయుచుండగా డేవిస్ మెడ వాచినది. ఆసుపత్రిలో పరీక్షించినారు. ల్యుకేమియా, రక్తపు క్యాన్సరు. ఆ కాలమున దానికి నిలిచిన చికిత్స లేదు. రోగము పేరు అతనికి అక్టోబరు వరకు చెప్పలేదు.

ఔషధములతో రోగము కొంత కాలము అణగినది. డేవిస్ పైకి ఆరోగ్యవంతుని వలెనే కనబడెడివాడు. అభ్యాసము కూడ చేసినాడు. జట్టు యజమాని ఆర్ట్ మోడెల్ అతనిని ఆడించవలెనన్నాడు. హాని లేదని వైద్యులు చెప్పినారన్నాడు. శిక్షకుడు పాల్ బ్రౌన్ ససేమిరా యన్నాడు. మోడెల్‌ది దయయా, వ్యాపారమా అని విడదీయుట కష్టము. బ్రౌన్‌ది కాఠిన్యమా, జాగ్రత్తయా అన్నదియు అంతే. ఆగస్టులో ఒక సన్నాహపు పోటీకి ముందు క్లీవ్‌లాండ్ మైదానమున దీపకాంతి నడుమ డేవిస్ ఒంటరిగ పరుగెత్తి వచ్చి జనులకు కనబడినాడు. వేలాది కంఠములు హర్షధ్వానములు చేసినవి. అతడు చేయి ఊపి ప్రక్కకు పోయి కూర్చున్నాడు. 1963 జనవరిలో మోడెల్ పాల్ బ్రౌన్‌ను తొలగించినాడు. వారి నడుమ పెరిగిన వైరములో ఈ తగవు కూడ ఒక పాలు.

ఆ వసంతమున ఒక వారపత్రికలో తన వ్యాధిని గూర్చి వ్రాయుచు డేవిస్ తనను దురదృష్టవంతుడని తలచుకొనుట లేదనినాడు. ఇట్టి మాటలు రోగులచేత లోకము పలికించునవే యని కొందరు అనవచ్చును. ఇతని నడవడి చూచినవారు అట్లు అనలేదు. మే నెలలో ఆసుపత్రికి పోవుటకు ముందు మోడెల్ కార్యాలయమునకు వచ్చి, చూపిన ఆదరమునకు కృతజ్ఞత తెలిపి పోయినాడని తరువాతి కాలమున మోడెల్ చెప్పుకొన్నాడు. 1963 మే 18వ తేదీన డేవిస్ మరణించినాడు. 23 ఏండ్లు.

ఎల్మైరాలో భౌతికకాయమును చూచుటకు 10 వేల మందికి పైగా వచ్చినారు. ఆ ఊరి వుడ్‌లాన్ శ్మశానమున, మార్క్ ట్వేన్ సమాధి యున్న తోటలోనే అతనిని పూడ్చినారు. ఆ యేడు జిమ్ బ్రౌన్ ఒంటరిగనే 1,863 గజములు పరుగెత్తి లీగులో అంతవరకు లేని లెక్క నెలకొల్పినాడు. మరుసటి యేడు క్లీవ్‌లాండ్ లీగు విజేత యైనది.

సిరక్యూస్‌లో అంతయు చక్కబడినదని మాత్రము చెప్పరాదు. 1970లో అదే ష్వార్ట్స్‌వాల్డర్ జట్టులోని నల్ల ఆటగాండ్రు తమ పట్ల చూపు భేదమును నిరసించి ఆటను బహిష్కరించినారు.

డేవిస్ వ్యాధితో నున్న దినములలోనే శిక్షకునితో కూడి ఫ్లాయిడ్ లిటిల్ అను కుర్రవానిని కలిసి సిరక్యూస్‌కు రమ్మని అడిగినాడు. కుర్రవాడు సరే యన్నాడు గాని, మనసున తేల్చుకొనలేదు. మే నెలలో డేవిస్ మరణవార్త వినినవాడై ఆ మాట చెల్లించుకొనుటకు నిశ్చయించుకొన్నాడు. అతనికిని 44 సంఖ్య చొక్కాయే ఇచ్చినారు. 1967లో డెన్వర్ జట్టు అతనిని ఏరుకొన్నది. అచట తొమ్మిదేండ్లు ఆడినాడు, 44 సంఖ్య తోనే.