తన రాయిని తానే అరగదీసుకున్న లక్నో కుబేరుడు

లక్నో వెళ్లినవారికి లా మార్టినియర్ కళాశాల భవనం గురించి చెప్పనక్కర్లేదు. దాన్ని కట్టించుకున్న క్లాడ్ మార్టిన్ తన కాలంలో ఆ నగరంలోని ఐరోపావారిలో అత్యంత సంపన్నుడిగా పేరుపడ్డాడు. అంత డబ్బూ కొనలేకపోయింది ఒక్కటే, మూత్రాశయంలోని రాయి నుంచి విముక్తి.

మార్టిన్ 1735లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టాడు. తండ్రి పీపాలు తయారుచేసేవాడు. పదహారేళ్ల వయసులో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సిపాయిగా మన దేశానికి ఓడెక్కాడు. దక్షిణాదిలో ఫ్రెంచివారి బలం కుంగిపోయాక ఇంగ్లీషు కంపెనీలో చేరాడు. 1776లో లక్నోలో నవాబు అసఫ్ ఉద్దౌలా ఆయుధాగారానికి పర్యవేక్షకుడయ్యాడు. తుపాకులు చేయించాడు, నీలిమందు పండించాడు, ఇళ్లు కట్టి అద్దెకిచ్చాడు, చివరికి నవాబుకే అప్పులిచ్చాడు. అవధ్ ఖజానా కరిగిపోతున్న కాలంలో అక్కడ చేరిన విదేశీయులు ఎలా కూడబెట్టారో చెప్పడానికి అతని జీవితం మంచి ఉదాహరణ.

గోమతి ఒడ్డున కట్టుకున్న ఫర్హత్ బక్ష్ భవనంలో ఉంటున్న రోజుల్లోనే రాయి అతణ్ని మంచం పట్టించింది. మూత్రపిండంలో రాయి కదిలితే నొప్పి నడుము నుంచి గజ్జల దాకా అలలు అలలుగా వస్తుంది. మూత్రాశయంలో రాయి తీరు వేరు. మూత్రం వచ్చే దారికి అడ్డుపడితే ధార మధ్యలో ఆగిపోతుంది, మంట, రక్తం, క్షణక్షణం వెళ్లాలనిపించడం. మన ఆయుర్వేదం దీన్ని అశ్మరి అంది. కోసి రాయి తీసే పద్ధతిని సుశ్రుత సంహిత ఏనాడో వివరించింది.

ఐరోపా వైద్యులకూ అప్పట్లో తెలిసిన మార్గం కోతే. మత్తుమందు లేదు. రోగిని కట్టేసి, మనుషులు గట్టిగా పట్టుకుంటే, వైద్యుడు కాళ్ల మధ్య కోసి రాయిని లాగేవాడు. నిమిషాల్లో పని ముగిసినా రక్తస్రావంతోనో చీము పట్టో చాలామంది చనిపోయేవారు. బతికినవారిలో కొందరికి మూత్రం మీద అదుపు పోయేది.

మార్టిన్ కత్తికి ఒప్పుకోలేదు. తుపాకీ భాగాలను అరగదీయించిన మనిషికి రాయి కూడా అరిగేదే అనిపించింది. సన్నని ఉక్కు తీగ కొసను ఆకురాయిలా గరుకుగా చేయించి, పిడి అమర్చుకున్నాడు. మూత్రాశయంలోకి గోరువెచ్చని నీళ్లు ఎక్కించుకుని, మూత్రనాళం గుండా ఆ తీగను పంపి రాయిని కొంచెం కొంచెంగా రాకాడు. రోజుకు కొన్నిసార్లు పన్నెండు విడతల దాకా ఇదే పని. రాలిన పొడి మూత్రంతో బయటికి వచ్చేది. 1782లో కొన్ని నెలలపాటు ఇలా చేశాక బాధ తీరింది. తర్వాతి కాలంలో ఈ పద్ధతిని వైద్యులకు ఉత్తరాల్లో వివరించాడు గానీ వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. కోయకుండా రాయిని లోపలే చిదిమే చికిత్సను 1824లో పారిస్‌లో జాన్ సివియాల్ చేసి చూపించాకే అది వైద్యంలో నిలదొక్కుకుంది.

కానీ రాయి ఏర్పడే గుణం అలాగే ఉండిపోయింది. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని ఈనాటి వైద్యం కూడా చెబుతుంది. చివరి ఏళ్లలో మార్టిన్‌కు మూత్ర బాధలు తిరిగొచ్చాయి. నగరం అంచున కాన్‌స్టాన్షియా అనే మహాసౌధం మొదలుపెట్టాడు గానీ పూర్తయ్యేదాకా బతకలేదు. 1800 సెప్టెంబరు 13న ఫర్హత్ బక్ష్‌లో కన్నుమూశాడు. కాన్‌స్టాన్షియా నేలమాళిగలోనే అతని సమాధి ఉంది. అతని వీలునామా ప్రకారం లియోన్‌, కలకత్తా, లక్నోల్లో పాఠశాలలు వెలిశాయి.

మార్టిన్ సాహసం మెచ్చుకోదగ్గదే. అయితే దాన్ని సొంత వైద్యానికి ఆదర్శంగా తీసుకోకూడదు. అతనికి వేరే దారి లేదు, మనకు ఉంది. 1980లో మ్యూనిక్‌లో మొదలైన షాక్‌వేవ్ చికిత్స రాయిని బయటినుంచే పగలగొడుతుంది. మూత్రనాళం గుండా సన్నని గొట్టం పంపి లేజర్‌తో పొడి చేయడం ఇప్పుడు మామూలు విషయం. దారి మార్టిన్ వెళ్లినదే, పరికరం మారింది. చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కానీ నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా, నొప్పి మాత్ర మింగి తెల్లవారేదాకా ఓర్చుకోవడం ప్రమాదం. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఒక సామాన్యుడు అర్ధరాత్రి ఆటోలో వెళ్లి అందుకోగల చికిత్స ఆనాడు లక్నో కుబేరుడికి అందలేదు. ఆ చికిత్స ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ, ప్రతి రాత్రీ దొరికేలా చూసుకోవడం మన వంతు.