యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించెను. చదువు ముగియకమునుపే తండ్రి గతించుటచే కుటుంబము కష్టములపాలయ్యెను. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి చెన్నపురిలో నతడు నెగ్గెను. అచటి వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని బోధను తలదాల్చి ఖద్దరు ధరించెను. శస్త్రవైద్యాచార్యునకది కంటగింపయ్యెను. అందుచే సుబ్బారావునకు ఎం.బి.బి.యస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను.

సోదరులిరువురు గ్రహణివ్యాధిచే కొలదిదినముల యెడముననే మరణించిరి. అట్టి రోగముల మూలము కనుగొనవలెనను పట్టుదలతో అతడు భార్యను స్వదేశమున విడిచి అమెరికాకేగెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టకూటికై రాత్రులందు ఆసుపత్రిలో సేవకుని పనిచేసెను.

1925లో ఫిస్కే అను ఆచార్యునితో గూడి, శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు సులభమార్గమును కనిపెట్టెను. ఆ మార్గముననే సాగి వారిరువురు కండరములందు 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొనిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని కనుగొనెను. ఏ.టి.పి. వంటయింట చేతికందు బియ్యము వంటిది. ఫాస్ఫోక్రియేటిన్ గాదెలో దాచిన ధాన్యము వంటిది. మెదడునకును ఈ రెండును ఆవశ్యకములు.

పుఱ్ఱె తెరువకయే మెదడులోని ఈ పదార్థములను కొలుచు ఉపాయము అతని కాలమున లేదు. 1980వ దశకమున అది లభించెను. రోగిని బలమైన అయస్కాంతము నడుమ పరుండబెట్టి రేడియో తరంగములు పంపినచో, మెదడులోని భాస్వరపరమాణువులు ప్రతిస్పందించును. ఆ స్పందనములలో ఈ రెండు పదార్థములును వేర్వేరుగా గుర్తింపబడును. పుట్టునపుడు ప్రాణవాయువు చాలని శిశువుల మెదడున ఫాస్ఫోక్రియేటిన్ తగ్గుటను వైద్యులిట్లు చూచి, మెదడునకు గలిగిన హానిని అంచనా వేయగలిగిరి.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరెను. 1945లో అతని బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న గ్రహణికి అది ఔషధమయ్యెను. గర్భధారణకు ముందునుండియు తల్లి దానిని పుచ్చుకొన్నచో, శిశువు మెదడునకు, వెన్నుపామునకు పుట్టుకతో వచ్చు కొన్ని లోపములు చాలవరకు తొలగునని 1991లో తేలెను.

అతడు మరల స్వదేశమును చూడకయే 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను.

బాలబాలికలారా! రెండుసార్లు పరీక్ష తప్పిన ఆ బాలుడు మూడవసారి కూర్చుండుటకు సిగ్గుపడలేదు. సిగ్గుపడియున్నచో ఈ ఫలములు అతని చేతిమీదుగా లోకమునకు దక్కెడివి కావు.