విన్సెంట్ ఎష్, మా అమ్మమ్మ మిద్దె

మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు హుస్సేనీ ఆలంలో, ఖుర్షీద్ జా దేవిడీ దగ్గరి సందుల్లో ఉంటుంది. ఆ ఇంటికి రెండు రకాల కప్పులు. ముందు సగం పాత సున్నం మిద్దె. వెనక సగం, నేను చిన్నప్పుడు మామయ్య పాతది పడగొట్టించి వేయించిన స్లాబు. మే నెలలో మిట్టమధ్యాహ్నం ముందు గదిలో చాప వేసుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. వెనక గదిలో రాత్రి పదకొండింటికి ఫ్యాన్ వేసినా పొయ్యి మీది గాలి నెత్తిన దిగినట్టే ఉంటుంది. పోయినేడాది ఎండాకాలం అమ్మమ్మ ఆ వెనక గదిలోనే కళ్లు తిరిగి పడిపోయింది. రెండు సెలైన్లు ఎక్కించాక గానీ లేవలేదు.

ఇప్పుడు మామయ్య ముందు సగం కూడా కొట్టేసి, మొత్తం స్లాబు వేసి, పైన రెండు అంతస్తులు లేపుదామంటున్నాడు. ముందు మిద్దె ఒక మూల కారుతోంది, నిజమే. దూలానికి చెద కూడా పట్టింది. అమ్మమ్మ మాత్రం ససేమిరా అంది. ఇంట్లో ఇంజినీరింగ్ చదివేది నేనొక్కడినే కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. నాది సీఎస్సీ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. సరే, అసలు ఈ స్లాబు మన ఊరికి ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు అని వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికాడు విన్సెంట్ జెరోమ్ ఎష్.

పేరు వినలేదు కదా? నేనూ వినలేదు. కానీ ఆయన కట్టినవి మనం రోజూ చూస్తున్నాం. కాచిగూడ స్టేషన్, హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి. ఈ నాలుగింటి వెనకా ఉన్నది ఈ ఒక్క మనిషే. హుస్సేనీ ఆలం నుంచి మూసీ వైపు నడిస్తే చాలు, వీటిలో మూడు వరసగా కనబడతాయి. రెండు ఈ ఒడ్డున, ఒకటి ఆ ఒడ్డున.

ఎష్ 1876లో పుట్టిన ఇంగ్లీషు వాడు. ఇరవై దాటీ దాటగానే, 1890ల చివర్లో మన దేశానికి వచ్చాడు. మొదటి కొలువు బెంగాల్ నాగపూర్ రైల్వేలో. ఆ తర్వాత కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పని దొరికింది. దాన్ని గీసింది విలియం ఎమర్సన్ అనే పెద్దాయన. ఆయన ఎక్కువ కాలం ఇంగ్లండ్‌లోనే ఉండేవాడు. ఇక్కడ పునాదులు, లెక్కలు, రాళ్ల కొలతలు, పనివాళ్లు, అన్నీ చూసుకున్నది ఎష్. 1906లో శంకుస్థాపన జరిగిన ఆ కట్టడం తెరుచుకునేసరికి 1921 వచ్చింది. పేరేమో ఎమర్సన్‌ది, చెమట ఎష్‌ది. మన ప్రాజెక్టు బ్యాచుల్లో ఎవరి పరిస్థితి ఇలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

1914లో ఆయన్ని హైదరాబాద్ పిలిచింది. అప్పటికి మన ఊరు దెబ్బ తిని ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మందిని మింగేసింది. ఒడ్డు పొడుగునా ఇళ్లు కూలిపోయాయి. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి జలాశయాల ప్లాను ఇచ్చాడు. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నది ఒడ్డును కొత్తగా తీర్చిదిద్దాలనుకున్నాడు. కొట్టుకుపోయిన చోట ఊరికి ధైర్యం చెప్పేలా పెద్ద పెద్ద కట్టడాలు రావాలి. ఆ పని చేతిలో పడినప్పుడు ఎష్ వయసు ముప్పై ఎనిమిది.

మొదట కాచిగూడ స్టేషన్ మొదలుపెట్టాడు. 1916 నాటికి పూర్తయింది. బయట నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు, పాత నవాబుల కట్టడంలాగే ఉంటుంది. నేను కూడా రాయి, సున్నం అనే అనుకునేవాణ్ని. కాదట. అది ఇనప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు. పైగా ముక్కలు ముక్కలుగా కింద అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తెచ్చి ఒకదానికొకటి కూర్చినది. ఈ పద్ధతిలో దేశంలో కట్టిన తొలి కట్టడాల్లో ఇదొకటి. మెట్రో పిల్లర్ల మీద ముక్కలు పేర్చడం చూసి మనం నోరు తెరిచాం గానీ, ఆ పని మన ఊళ్లో వందేళ్ల కిందటే జరిగింది.

ఇక్కడ మా మిద్దె గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఎష్ తెచ్చిన మార్పు ఎంతదో తెలియదు. పాత మిద్దె ఎలా వేసేవాళ్లో అమ్మమ్మ చిన్నప్పుడు కళ్లారా చూసింది. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా చిన్న వాసాలు. వాటి మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో అతికేవాళ్లు. దాని మీద ఇటుక ముక్కలు, గానుగలో ఆడించిన డంగు సున్నం కలిపి జానెడు మందం పరిచేవాళ్లు. అప్పుడు ఆడవాళ్లు వరసగా కూర్చుని, పాటలు పాడుకుంటూ చెక్క బద్దెలతో కొట్టడం మొదలుపెట్టేవాళ్లు. ఒక రోజు కాదు, రోజుల తరబడి. మధ్యమధ్యలో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లేవాళ్లు. బద్దె దెబ్బకి అచ్చు పడనంత గట్టిపడితే అప్పుడు పై పూత. ఏటా ఎండాకాలం ముందు తెల్లసున్నం కొట్టేవాళ్లు.

అది ఎందుకు చల్లగా ఉంటుందంటే ఇందులో మాయేం లేదు. తెల్లటి పై పూత ఎండని చాలావరకు వెనక్కి తిప్పి పంపుతుంది. లోపలికి దిగిన కొద్ది వేడీ ఆ మందం దాటి కిందికి రావడానికి గంటలు పడుతుంది. వచ్చేసరికి బయట చల్లబడి ఉంటుంది, తలుపులు తీసి ఉంటాయి. గది ఎత్తు పద్నాలుగు అడుగులు. పైకి చేరిన వేడి గాలి గోడ పైనున్న గవాక్షాల్లోంచి పోతుంది. అదే మామయ్య స్లాబు ఐదు అంగుళాలు. ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. పైన ఏ పూతా లేదు, మసి పట్టి నల్లబడింది. పగలంతా తాగిన ఎండని రాత్రి మన మీద కక్కుతుంది. ఇంజినీర్ల లెక్కలో, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చూస్తారు. కొత్త ఇళ్లకి కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం అది 1.2 దాటకూడదు. ఉత్త స్లాబుకి అది మూడుకు పైమాటే.

అందుకని మొదట్లో నాకు ఎష్ మీద కోపం వచ్చింది. ఈ కాంక్రీటు పీడ తెచ్చిపెట్టింది ఈయనే కదా అనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం పనిగట్టుకుని ఆయన కట్టడాలన్నీ తిరిగాను. కోపం దిగిపోయింది, సిగ్గేసింది.

హైకోర్టుకి మొదటి నమూనా గీసింది ఎష్ కాదు, జైపూర్‌కి చెందిన శంకర్‌లాల్. దాన్ని నిలబెట్టే పని ఎష్‌ది. గులాబీ రంగు గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి వాడారు. 1920 ఏప్రిల్‌లో తెరిచారు. లోపలికి మనల్ని పోనివ్వరు గానీ రోడ్డు మీద నుంచి చూసినా కమానుల వెనక నీడ ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. పక్కనే సిటీ కాలేజీ, అప్పట్లో సిటీ హైస్కూల్. 1921లో కట్టారు. నది అవతల ఉస్మానియా ఆస్పత్రి, అది 1920ల మధ్యకి గానీ పూర్తిగా వాడకంలోకి రాలేదు. ఆ గుమ్మటాలు చూస్తే గోల్కొండ సమాధులు గుర్తొస్తాయి. బయటి ఊరి నుంచి వచ్చినవాడు మన పాత కట్టడాలని ఎంత శ్రద్ధగా చూసి ఉంటాడో అనిపించింది. గుమ్మటం అందం కోసమే అనుకుంటాం. గుండ్రంగా ఉండటం వల్ల ఏ వేళ చూసినా దానిలో కొంత భాగం నీడలోనే ఉంటుంది. లోపల వేడి గాలి మన తలకి అందనంత ఎత్తుకి పోతుంది. గోడకి బయట వరండా, వరండాకి పైన బయటికి పొడుచుకొచ్చిన ఛజ్జా. ఎండ గదిని తాకే లోపే ఇన్ని కాపలాలు దాటాలి.

మనం ఏం చేశామంటే, ఆయన దగ్గర స్లాబు ఒక్కటే తీసుకున్నాం. ఎత్తు వదిలేశాం, వరండా వదిలేశాం, ఛజ్జాని రెండడుగుల నుంచి జానెడుకి దించాం, తెల్లసున్నం మానేశాం. మన భాషలో చెప్పాలంటే కోడు కాపీ కొట్టి, అది ఆధారపడ్డ లైబ్రరీలన్నీ వదిలేసి, రన్ అవ్వట్లేదని రాసినవాణ్ని తిట్టడం. నూట ఇరవై గజాల స్థలంలో పద్నాలుగు అడుగుల ఎత్తు, వరండా ఎక్కడ పెట్టగలమని మామయ్య అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పాత మిద్దె మీద ఇంకో అంతస్తు లేవదు, టేకు దొరకదు, సున్నం కొట్టేవాళ్లు కనబడరు. స్లాబుని తిట్టి లాభం లేదు.

ఎష్ హైదరాబాద్ కొలువు ఏడేళ్లే. 1921 నాటికి ఆ అధ్యాయం ముగిసింది. 1942లో, ముసలితనంలో, తాను కట్టిన హైదరాబాద్ భవనాల గురించి ఇంజినీరింగ్ పత్రిక ఒకదానిలో వ్యాసం రాశాడు. 1950లో పోయాడు. కలకత్తాలో ఇరవై ఏళ్ల పైన పని చేసినవాడు చివర్లో తలుచుకున్నది ముఖ్యంగా మన ఊరినే అంటే నాకెందుకో సంతోషంగా అనిపించింది. ఇక్కడ మాత్రం ఆయన పేరు మీద ఒక్క వీధి కూడా నాకు కనబడలేదు. ఆస్పత్రి సంగతి మీకు తెలుసు. పెచ్చులు ఊడి పడుతుంటే, 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లు రావడంతో పాత భవనం ఖాళీ చేయించారు. కప్పుని పట్టించుకోకపోతే ఎవరు కట్టిందైనా అంతే.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ ఎండని తిప్పికొట్టే కప్పు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆ పైన ఉంటేనే. హుస్సేనీ ఆలం సందుల్లో 600 గజాల ఇల్లు ఎన్నింటికుంది? ఎండకి ఎక్కువ ఉడికే ఇళ్లు ఆ లెక్కలోకే రావు. 2017లో మన నగరంలోనే ఒక బస్తీలో పాతిక చిన్న ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, లోపల వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండేనా అనుకోకండి. రాత్రి ఆ రెండు డిగ్రీలకే నిద్ర పట్టడం, పట్టకపోవడం ఉంటుంది.

చివరికి నా తీర్పు ఇది. ముందు మిద్దె జోలికి ఈ ఏడాది పోవద్దు, చెద పట్టిన దూలం మార్చి, కారే మూల సున్నంతో పూడ్పించాలి. వెనక స్లాబు మీద తెల్లసున్నం కొట్టాలి. కడితే రేపు పైన కట్టేది పదకొండు అడుగుల ఎత్తు, రెండడుగుల ఛజ్జా, పడమటి గోడకి నీడ. మామయ్య సగం ఒప్పుకున్నాడు. మార్చిలో నేనూ, చెల్లీ రెండు బస్తాల సున్నం తెచ్చి, గమ్ కలిపి, మూడు కోట్లు కొట్టాం. ఎండకి కళ్లు చెదిరిపోయేంత తెలుపు వచ్చింది. పక్కింటి చాచా గోడ మీద నుంచి చూసి, ఎవరిదైనా పెళ్లా అని అడిగాడు.

అమ్మమ్మ తన మంచం వెనక గదిలోకి ఇంకా మార్చలేదు. మే వస్తే అప్పుడు చూద్దామంది. మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేటు కాగితం మామయ్య చింపలేదు, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే ఉంది.