విక్రమ్ సారాభాయ్ – రెండు శాఖల సారథి

2023 ఆగస్టు 23 సాయంత్రం బిలాస్‌పూర్ సదర్ బజార్‌కి సామాన్లకని వెళ్ళి, ఓ దుకాణంలో టీవీ ముందు జనంతోపాటు నిలబడిపోయాను. చంద్రయాన్-3 ల్యాండర్ ‘విక్రమ్’ చంద్రుడి మీద దిగింది. ఆ పేరు ఎవరిదండీ అని పక్కనున్న కుర్రాడు అడిగాడు. అప్పుడు రెండు ముక్కల్లో చెప్పాను. మిగతాది మన సోదరుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

సారాభాయ్ గారు 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో మిల్లు యజమానుల కుటుంబంలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా రెండో ప్రపంచయుద్ధం రావడంతో తిరిగివచ్చి, బెంగుళూరులో సి.వి.రామన్ గారి దగ్గర కాస్మిక్ కిరణాలపై పరిశోధన చేశారు. 1947లో కేంబ్రిడ్జి డాక్టరేట్ పొంది, అదే ఏడాది అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధనాలయం స్థాపించారు. ఆయన చొరవతోనే 1963 నవంబరు 21న తుంబా నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది.

1966 జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదంలో మరణించారు. ఆ ఏడాదే అణుశక్తి సంఘం అధ్యక్ష బాధ్యత కూడా సారాభాయ్ భుజాన పడింది. రాకెట్లూ, అణుశక్తీ ఒక్క మనిషి చేతికే వచ్చాయన్నమాట. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. ప్రయోగాలకు అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడ్నుంచి రోహిణి-125 ఎగిరింది. డిసెంబరు 30న కోవళంలో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. వయసు 52.

ఆ రెండు విద్యలూ కలిసే చోటు అంతరిక్ష నౌకలోని అణు హీటర్. చంద్రుడి రాత్రి మన లెక్కన సుమారు 14 రోజులు. ఎండ లేక పరికరాలు చలికి పాడైపోతాయి. రేడియోధార్మిక పదార్థం మాత్రం తనంతట తానే వేడినిస్తూ ఉంటుంది. 1970లో దిగిన సోవియట్ లునోఖోద్-1 పొలోనియం వేడితోనే అలాంటి రాత్రులు గట్టెక్కింది. కాని దీన్ని రాకెట్‌కి అమర్చడం బాంబుకి ఫ్యూజు బిగించే పనిలాంటిదే. స్విచ్ ఆఫ్ చెయ్యలేం, రాకెట్ విఫలమైనా డబ్బా పగలకూడదు. 1964లో అమెరికా ట్రాన్సిట్ ఉపగ్రహం కక్ష్యకు చేరక, అందులోని ప్లుటోనియం వాతావరణంలో చెదిరిపోయింది. ఆ తర్వాత డిజైన్లే మార్చుకున్నారు.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి భాభా అణు పరిశోధన కేంద్రం చేసిన ఒక్కో వాట్ హీటర్లు రెండు పైకెళ్ళాయి. అయితే అవి ప్రొపల్షన్ మాడ్యూల్‌లో ఉన్నాయి. బరువు పెరుగుతుందని ల్యాండర్‌కి పెట్టలేదు. ఒక చంద్ర పగటికే తయారైన విక్రమ్ ఆ డ్యూటీ పూర్తిచేసి, రాత్రి గడిచాక మేలుకోలేదు. భాభా పేరున్న సంస్థ ఇచ్చిన వేడి సారాభాయ్ పేరున్న ల్యాండర్‌కి అందలేదే అని మనసు చివుక్కుమంది. ఆ వేడిని కూడా మోసుకుపోయి దించే ల్యాండర్ శ్రీహరికోట నుంచి ఎగిరితే, ఆయన మొదలుపెట్టిన పనిలో ఆ కొరత తీరుతుంది. ఆ మహనీయునికి మనందరి సెల్యూట్.